రెండో సగంలో ఏం మారింది

గాలి మీద వేయడానికి లేదు. మొదటి సగంలో గాలి మన పిల్లలకు ఎదురుగానే కొట్టింది, అయినా ఒక గోల్ వేశారు. రెండో సగంలో అదే గాలి వెనక నుంచి తోసింది, అయినా రెండు తిన్నారు. కాబట్టి గాలి కాదు, అనుకున్నాడు శ్రీనాథ్, బస్సు గద్వాల దాటి ఎర్రవల్లి దారి పట్టీ పట్టకముందే. ఓడిపోయిన ఆట అతనికి కాలిపోయిన మోటారుతో సమానం. బిజినేపల్లిలో బోరు మోటార్లు బాగుచేసే దుకాణం అతనిది. ఏ మోటారు వచ్చినా విప్పి, ఎక్కడ కాలిందో కంటితో చూసేదాకా అన్నం సహించదు. నాగర్‌కర్నూల్ డిగ్రీ కాలేజీ ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఓడినా అంతే. ఆ జట్టుకు అతను కోచ్ కాడు, మేనేజర్ కాడు, ఆ కాలేజీ గేటు లోపల కూర్చుని ఒక పాఠం విన్నవాడు కూడా కాడు. ఉత్త అభిమాని. అయినా దుకాణానికి వచ్చిన రైతును స్టూలు మీద కూర్చోబెట్టి, బల్ల మీద నట్లూ బోల్టులూ పేర్చి, ఇది మన వెనక వరుస, ఇది వాళ్ల ముందు వరుస, ఇగో ఇక్కడ సందు పడింది అని ఎంతసేపైనా చెప్పగలడు. రైతులు బుద్ధిగా వింటారు. వినకపోతే మోటారు చేతికి రాదు మరి.

ఈసారి ఆ విద్య అక్కరకు రావడం లేదు, ఎందుకంటే ఈసారి నట్లూ బోల్టులూ తన ఇంటివే. వెనక వరుసలో నడిమధ్య నిలబడే పిల్ల యమున, తన భార్య. ఆ వెనక గోల్ కాసేది అర్చన, తన చెల్లెలు. ఇద్దరూ కాలేజీలో చేరిన నాటి నుంచి ఒక కంచంలో తిన్న స్నేహితులు, వదినా ఆడబిడ్డలు అయింది మాత్రం మొన్న ఎండాకాలంలోనే. ఇక ఇక్కడ, కిటికీ పక్కన, ఒళ్లో జొన్నరొట్టెల మూట పెట్టుకుని కూర్చున్నది జోగులమ్మ, తన తల్లి. జీవితంలో మొదటిసారి ఫుట్‌బాల్ చూసి వస్తోంది. పెళ్లయిన పిల్లకు ఆటలేందని ఆమె మొదటి నుంచీ అంటూనే ఉంది, మెట్టెలు పెట్టుకున్న కాళ్లు ఆ బూట్లలో ఎట్ల పడతాయని కూడా అన్నది, కొడుకు వదలకుండా వెంట పడితే చివరికి ఒక మెట్టు దిగి వచ్చింది. "సరే, ఒకపారి నా కండ్లతోని చూస్త. చూసినంక చెప్త. నేను వద్దన్ననంటె మల్ల ఎవ్వలు నోరు తెరవొద్దు" అన్నది. యమునకు ఇంకో ఏడాది చదువుంది, అంటే ఇంకో ఏడాది ఆట ఉంది. ఆ ఏడాది ఉన్నదో పోయినదో తల్లి నోట రావాలి. ఆమె చూడటం అయిపోయింది. ఇంకా ఏమీ చెప్పలేదు.

ఆమె చూసిందేమిటి మరి, కోడలు నిలువునా నిలబడి ఉండగా రెండు గోల్స్ పోవడం. మొదటి సగం చూడలేదా, చూసింది, కానీ ఎవరికైనా గుర్తుండేది చివరే కదా, పెళ్లిలో ఎన్ని వండినా ఆఖరి పంక్తిలో సాంబారు అయిపోతే ఊరంతా చెప్పుకునేది ఆ సాంబారు సంగతే. ముందు సీట్లలో పసుపు జెర్సీలు సద్దు లేకుండా కూర్చున్నాయి. మామూలుగా అయితే ఈ పిల్లలతో బస్సెక్కిన వాళ్లకు తలనొప్పి ఖాయం. పొద్దున వచ్చేటప్పుడు ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ల కోసం ఆధార్ కార్డులు గాల్లో ఊపుతూ కండక్టర్‌ను పరేషాన్ చేసింది వీళ్లే. ఇప్పుడు ఆయన అడగకముందే కార్డులు చూపించి, చీటీలు తీసుకుని, కిటికీల వైపు తిరిగిపోయారు. యమున ఒక సీట్లో ఒంటరిగా, తల కిటికీ ఊచకు ఆనించి. అర్చన డ్రైవర్ వెనక సీట్లో. ఒకరి భుజం మీద ఒకరు నిద్రపోయే ఇద్దరి మధ్య ఇప్పుడు అయిదు వరుసల దూరం. బస్సెక్కే ముందు యమున అతనితో ఒకటే మాట అన్నది, అదీ నేల చూసి: "ఇంగ నేను ఆడను. అత్తమ్మను అడగకు." అడగకు అంటే, ఆమె వద్దని చెప్పే అవసరం కూడా రాకుండా తానే వదులుకుంటానని. ఆ మాట తలచుకుంటే అతనికి ఇక ఏ లెక్కా సాగదు. అందుకే తలచుకోకుండా మైదానం వాలు గురించి ఆలోచిస్తున్నాడు.

మైదానానికి వాలు ఉంది, అది నిజం. నీళ్ల ట్యాంకు ఉన్న వైపు పల్లం. వాన నీళ్లన్నీ అటే పారి గోల్ ముందర మట్టి గట్టిపడింది. మొదటి సగంలో గద్వాల పిల్లలు ఆ పల్లంలో ఉన్నారు, మనవాళ్లు మిట్టలో. సగం అయ్యాక అటు ఇటు మారతారు కాబట్టి రెండో సగంలో పల్లం మన వంతుకు వచ్చింది, వాళ్లు మిట్ట మీద నుంచి దిగుతూ వచ్చారు. బాగానే ఉంది కారణం. కానీ మొదటి గోల్ దొర్లుకుంటూ వచ్చింది కాదు, మధ్యలో నుంచి ఒక పిల్ల కొలిచినట్లు ఇచ్చిన పాస్. రెండోది గాల్లో వచ్చింది. గాల్లో వచ్చేదానికి మిట్టేంది, పల్లమేంది. ఎండా కాదు, ఎండ అప్పటికి ట్యాంకు వెనక్కి పోయింది, అర్చన కళ్లలో పడలేదు. దమ్ము తగ్గిందా అంటే అదీ లేదు, ఆట అయిపోయే క్షణానికి కూడా ముందు వరుస పిల్లలు కుక్కపిల్లల్లా ఉరుకుతూనే ఉన్నారు. రోడ్డు పక్కన సీడ్ పత్తి చేలలో ఆడవాళ్లు వరుసల మధ్య వంగి ఉన్నారు, రంగు రంగుల చీరలు ఒక్కసారి కనిపించి వెనక్కి పోతున్నాయి, మన వెనక వరుస కూడా అట్లాగే ఉండేది మొదటి సగంలో, తాడు పట్టి గీసినట్లు, నలుగురు పిల్లలు ఒకేసారి ముందుకు, ఒకేసారి వెనక్కు. రెండో సగంలో ఆ తాడు తెగింది. ఎవరు తెంపారు.

కృప. పీడీ సార్ తిరుపతయ్య అయితే తేల్చేశాడు. ఆట అయ్యీ కాగానే అందరి ముందర, "నిద్రపోతున్నవా కృపా, ముగ్గురు ఎక్కుతె నువ్వొక్కదానివి ఆడనే నిలవడితివి" అని అరిచాడు. ఎడమ వైపు కాసే పిల్ల, ఉప్పునుంతల దగ్గర ఊరు, తల్లీ తండ్రీ పనికి పూణే పోతే నానమ్మ దగ్గర పెరిగింది, నోట్లో నాలుక లేని పిల్ల. ఇప్పుడు ముందు సీటు వెనక్కి నుదురు ఆనించి ఏడుస్తోంది, వీపు కదలడం ఇక్కడికి కనిపిస్తోంది. సార్ చెప్పింది అబద్ధం కాదు. వాళ్ల ముందు వరుస పిల్లకు పాస్ రాబోతుండగా మనవాళ్లలో ముగ్గురు ఒక అడుగు పైకి జరిగారు, కృప జరగలేదు. నలుగురూ జరిగి ఉంటే ఆ పిల్ల మన వరుస దాటి వెనక ఒంటరిగా మిగిలేది, పాస్ రాగానే ఆఫ్‌సైడ్ అని జెండా లేచేది. మొదటి సగంలో అట్లా ఎన్నిసార్లు లేచిందో లెక్క లేదు, గద్వాల పిల్లలు విసిగిపోయి నడుం మీద చేతులు పెట్టుకున్నారు. శ్రీనాథ్ కూడా అక్కడే, గీత పక్కన నిలబడే, తప్పు కృపదేనని మనసులో తేల్చేసుకున్నాడు. తేల్చుకున్నాక ఊరట కలిగింది, అది కూడా ఒప్పుకోవాలి. మోటారు కాలడానికి కారణం దొరికింది, అది మన ఇంటి తీగ కాదు, ఇక మూత బిగించేయవచ్చు.

బస్సు పెద్ద రోడ్డెక్కింది, బీచుపల్లి వంతెన మీదకు వచ్చింది. కృష్ణ నిండుగా లేదు, అట్లని తక్కువా లేదు, బండల మధ్య నుంచి తనకు తోచిన దారుల్లో పోతోంది. జోగులమ్మ మూట మీద నుంచి చేతులు తీసి అంజన్న గుడి వైపు దండం పెట్టింది. ఏం మొక్కుకుంది. కోడలికి బుద్ధి ఇవ్వమనా, కోడలికి కడుపు పండాలనా, ఓడిన పిల్లలు క్షేమంగా ఇల్లు చేరాలనా. ఆమె మనసు తెలుసుకోవడం అతని వల్ల ఎప్పుడూ కాలేదు. పొద్దున కోడి కూయకముందే లేచి, అన్ని రొట్టెలు కొట్టి, పల్లీల తొక్కు నూరి, ఎవరు అడిగారమ్మా అంటే, "ఆడేటి పిల్లలు, ఉత్త అరటిపండ్లు తిని ఏం ఉరుకుతరు" అన్నది. ఆట వద్దనే మనిషి ఆడేవాళ్లకు రొట్టెలు ఎందుకు కొట్టాలి. ఆట అయ్యాక తినమని ఒక్కో పిల్ల దగ్గరికీ పోయింది, ఎవరూ తీసుకోలేదు, అర్చన కూడా తీసుకోలేదు, అప్పుడు మూట మళ్లీ ముడేసుకుని వచ్చి బస్సులో కూర్చుంది. రొట్టెల వాసన సీటంతా ఉంది. అతనికి ఆకలవుతోంది. అడగడానికి సిగ్గేసింది.

అతను యమునను మొదట చూడలేదు, విన్నాడు. అర్చన టిఫిన్ డబ్బా మరిచిపోతే ఇవ్వడానికి కాలేజీకి పోయిన రోజు అది, బండి స్టాండు వేస్తుండగా గోడ అవతల నుంచి ఒక గొంతు, "ఎక్కుండ్రి" అని. అంత దూరం నుంచి, అంత స్పష్టంగా. ఏదో ట్రాక్టర్ ఎక్కమని ఎవరో కూలీలను పిలుస్తున్నారు అనుకున్నాడు. లోపలికి పోయి చూస్తే సన్నటి పిల్ల, మోచేతులు ఎముకలు, వెనక వరుస మధ్యలో నిలబడి, ఎక్కుండ్రి అంటే నలుగురూ ఎక్కుతున్నారు, దిగుండ్రి అంటే దిగుతున్నారు, "అర్చనా, నాది, నువ్వాగు" అంటే తన చెల్లెలు, ఇంట్లో ఎవరి మాటా విననిది, నోరు మూసుకుని ఆగుతోంది. అతనికి ఆ రోజు డబ్బా ఇవ్వడం గుర్తు రాలేదు, తిరిగి తెచ్చేశాడు, అర్చన ఇప్పటికీ ఏడిపిస్తుంది. ఆ తర్వాత ప్రతి ఆటకూ పోయాడు, పోయి పోయి ఆట నేర్చుకున్నాడు, రాత్రుళ్లు ఫోన్లో దేశదేశాల ఆటలు చూసి నేర్చుకున్నాడు, ఎవరి కోసం మొదలుపెట్టాడో మరిచిపోయేంతగా నేర్చుకున్నాడు. అర్చనే తల్లి చెవిన వేసింది. కులం కలిసింది, ఇంటి వాళ్లు నెమ్మదస్తులు, జోగులమ్మకు పిల్ల నచ్చింది. "మెల్లగ మాట్లాడుతది, పొంకమైన పిల్ల" అని మెచ్చుకుంది. అన్నాచెల్లెళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వు ఆపుకున్నారు.

మెల్లగ మాట్లాడుతది. నిజమే, ఇంట్లో యమున గొంతు ఎవరికీ వినపడదు. వంటింట్లో ఉప్పు డబ్బా కావాలంటే చేత్తో చూపిస్తుంది. అత్తగారు వాకిట్లో ఉంటే గాజుల చప్పుడు కూడా తగ్గుతుంది. కొత్త కోడలు, అత్త ముందర గొంతు లేవకూడదని ఆ పిల్లకు పుట్టింట్లో నేర్పారు, ఇక్కడ ఎవరూ వద్దనలేదు. పెళ్లైన కొత్తలో ఒకసారి మాత్రం అలవాటు చొప్పున "ఓ అర్చనా" అని పెరట్లోకి కేకేసింది, దానికి జోగులమ్మ కోపం కూడా చేయలేదు, నవ్వుతూనే, "ఆడివిల్లను గట్ల పేరు వెట్టి ఒర్రుతరా బిడ్డా" అన్నది, అంతే, ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆ పేరు యమున నోట రాలేదు. ఇద్దరూ ఒకేసారి గడప దగ్గరికి వస్తే చూడాలి, నువ్వు పో అంటే నువ్వు పో అని ఇద్దరూ ఆగిపోతారు. తల్లి లేనప్పుడు ఆ ఇద్దరూ జుట్లు పట్టుకున్నంత పని చేస్తారు, అది వేరే సంగతి. గడప దగ్గర ఇద్దరూ ఆగిపోతారు. ఇద్దరూ ఆగిపోయారు. శ్రీనాథ్ సీట్లో ముందుకు వంగాడు.

రెండో గోల్. బంతి ఎత్తుగా లేచింది, అంత కష్టమైనది కూడా కాదు. అర్చన ముందుకు రెండడుగులు వేసింది, యమున వెనక్కి రెండడుగులు వేసింది, బంతి ఇద్దరి మధ్య పడుతుందనగా ఇద్దరూ ఆగారు. నాది అని ఎవరూ అనలేదు. బంతి ఇద్దరి మధ్యా ఒకసారి ఎగిరి, ఎవరూ తొందర పెట్టని మనిషిలాగా లోపలికి పోయింది. గీత దగ్గర అతను తల పట్టుకున్నాడే కానీ ఎందుకు ఆగారని అడగలేదు. ఇప్పుడు ఆ క్షణాన్ని మళ్లీ మళ్లీ తిప్పి చూస్తుంటే బొమ్మ అంతా కనపడుతోంది, చప్పుడు లేదు. చప్పుడు తీసేసిన టీవీ చూసినట్లుంది. సరే, మొదటి గోల్ చూడు. ముగ్గురు ఎక్కారు, కృప ఎక్కలేదు. మిగతా ఇద్దరూ యమునను చూసి ఎక్కారు, ఎందుకంటే యమున చెయ్యి లేపింది. చెయ్యి. కృప కళ్లు తాను కాస్తున్న పిల్ల మీద ఉన్నాయి, ఉండాలి కూడా, కృపకు నేర్పిందే అది, కళ్లు మనిషి మీద, చెవి యమున మీద. చెవికి ఏమీ రాలేదు. రాకపోతే నిలబడింది. నిద్రపోయింది కృప కాదు.

చెయ్యి లేపడం తను చూశాడు. చూసి ఏమన్నాడు. రెండో సగం మొదలైన కాసేపటికే యమున అరవడం మాని చెయ్యి ఊపడం మొదలుపెట్టింది, అప్పుడు ఈ మహానుభావుడు తల్లి దగ్గరికి పోయి, ఛాతీ విరిచి, "చూసినవా అమ్మా, ఇప్పుడు ఉత్త సైగలతోనే నడిపిస్తుంది, పెద్ద పెద్ద ఆటగాళ్లు గట్లనే చేస్తరు" అని చెప్పాడు. పెద్ద ఆటగాళ్లు. ఆ మాట ఇప్పుడు గుర్తొస్తే చెవులు కాలుతున్నాయి. తల్లి ఎక్కడ ఉంది అప్పుడు. ట్యాంకు నీడలో. ఎండకు తట్టుకోలేదని, వాచ్‌మన్ గదిలో నుంచి ప్లాస్టిక్ కుర్చీ అడిగి తెచ్చి, గోల్ వెనక, వల పక్కన, ట్యాంకు నీడలో వేసి కూర్చోబెట్టింది ఎవరు. తనే. మొదటి సగంలో అది గద్వాల వాళ్ల గోల్. యమున అవతలి కొసన ఉంది, ఎక్కుండ్రి అన్న కేక మైదానం అంతా దాటి ఇక్కడికి వచ్చేది. సగం అయ్యాక వైపులు మారాయి. గాలి మారింది, వాలు మారింది, అవన్నీ చూశాడు, వైపు మారితే కోడలు వచ్చి అత్త ముందర నిలబడుతుందని మాత్రం చూడలేదు. పిలిస్తే పలికేంత దగ్గర. గాజుల చప్పుడు వినపడేంత దగ్గర. ఆ పిల్ల అక్కడికి వచ్చి మొదట చేసిన పని జెర్సీ కిందికి గుంజుకోవడం. అదీ చూశాడు. చూసి, చెమట తుడుచుకుంటోంది అనుకున్నాడు.

పెబ్బేరు వచ్చింది, పోయింది. ఎవరో దిగారు, ఎవరో పల్లీల బస్తా ఎక్కించారు. శ్రీనాథ్‌కు నవ్వు రావాలో ఏడుపు రావాలో తెలియలేదు. కారణం దొరికింది. ఇంత కచ్చితంగా ఏ ఆటకూ దొరకలేదు, నట్టు నట్టుకూ సరిపోయింది, చెప్పుకోవడానికి ఎవరూ లేరు. సార్‌కు చెబితే, అత్తను చూసి భయపడే పిల్ల నాకెందుకు అంటాడు. యమునకు చెబితే, తెలుసు అంటుంది. ఆమెకు తెలియకనా నేల చూసి ఆ మాట అన్నది. తల్లికి చెప్పాలి. తల్లికి ఏమని చెప్పాలి, అమ్మా, నువ్వు కూర్చున్నందుకే ఓడిపోయారు అనా. రొట్టెలు కొట్టుకుని, పుట్టి బుద్ధెరిగి మొదటిసారి ఇంత దూరం ఒక ఆట చూడటానికి వచ్చిన మనిషితో. ఆమె మనసు నొచ్చుకుంటే వద్దు అనే మాట ఎంతసేపు. చెప్పకపోతే మాత్రం ఏమవుతుంది, నోరు లేని కృప నెత్తిన ఆ గోల్ ఉండిపోతుంది, యమున బూట్లు అటక మీదికి పోతాయి, ఇంట్లో ఎవరూ గొడవ పడరు, అంతా మెల్లగా మాట్లాడుకుంటారు, ఆ గోడ అవతలి గొంతు ఇక ఈ జన్మలో వినపడదు. అతనికి భయం వేసింది. ఓడిపోతామని వేసే భయం కాదు ఇది, వేరే.

మొదటి సగంలో తల్లి ఒక మాట అడిగింది. అవతలి కొస నుంచి కేక రాగానే, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టి, "ఎవల్దిరా ఆ గొంతు" అన్నది. నీ కోడలిదే అన్నాడు. ఆమె "ఊఁ" అన్నది. ఆ ఊఁ లోపల ఏముందో అప్పటి నుంచీ తవ్వుతూనే ఉన్నాడు. కోపం అయితే ముక్కుతో అనేది. ఆశ్చర్యం అయితే గడ్డం మీద వేలు పెట్టేది. ఉత్త ఊఁ. కానీ మన పిల్లలు గోల్ వేసినప్పుడు కుర్చీలో నుంచి లేచింది, అది గుర్తుంది, మోకాళ్ల నొప్పులు అని దవాఖాన చుట్టూ తిరిగే మనిషి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది, లేచి మళ్లీ తనను ఎవరైనా చూశారేమో అని చుట్టూ చూసి కూర్చుంది.

వనపర్తి బస్టాండులో బస్సు సగం ఖాళీ అయింది. సార్ చాయ్‌కి దిగాడు. పిల్లలు దిగలేదు. డ్రైవర్ ఇంజన్ ఆపేసరికి అంతసేపూ ఉన్న రొద పోయి, ఒక్కసారిగా ఎవరి ఊపిరి వాళ్లకు వినపడేంత నిశ్శబ్దం అయింది. ఇప్పుడు కాదు, బస్సు కదిలాక చెబుదాం అనుకున్నాడు. అనుకుంటుండగానే నోరు తెరిచాడు.

"అమ్మా, ఒకటి చెప్త. కోపం చేయొద్దు."

"చెప్పు."

"సార్ తిట్టిండు గని, ఆ కృపది తప్పు లేదు. యమున ఒర్రితెనే ఆ పిల్ల ఎక్కుతది. యమున ఒర్రలే."

"ఎందుకు ఒర్రలే?"

"నువ్వు ఆడ కూసున్నవని. కుర్చీ ఏసింది నేనే. నాకు తోచలే. నీ ముంగట గొంతు లేస్తదా ఆ పిల్లకు?"

జోగులమ్మ తల తిప్పలేదు. ప్లాట్‌ఫారం మీద ఒక ముసలాయన బిస్కెట్ ముక్కలు కుక్కకు వేస్తున్నాడు, ఆమె అదే చూస్తోంది. సార్ తిరిగి వచ్చి ఎక్కాడు. కండక్టర్ బిజినేపల్లి, నాగర్‌కర్నూల్ అని అరిచి టికెట్ల పెట్టె సర్దుకుంటున్నాడు. చెప్పకుండా ఉండాల్సింది అనుకున్నాడు శ్రీనాథ్. చెప్పడం మంచిదే అయింది అనుకున్నాడు. రెండూ ఒకదాని వెనక ఒకటి, గడియారం ముల్లులా. తల్లి ముఖంలో ఒక పక్కే కనిపిస్తోంది, ఆ పక్క ఏమీ లేదు.

"మల్ల ఆట ఎప్పుడుంది?" అన్నది ఆమె కుక్కను చూస్తూనే.

"వచ్చే నెల. ఈడనే, వనపర్తిల."

"నేను రాను తియ్యి."

అయిపోయింది, ఇక ఇంతే, అడగకు అన్న పిల్ల మాట విన్నా బాగుండేది. కానీ ఆమె ఆగలేదు, అలాగే నెమ్మదిగా, చాటలో బియ్యం ఏరుతున్నంత నెమ్మదిగా, "నేను లేకుంటెనె ఆ పిల్లకు నోరు వస్తదంటివి గద. ఆడుకోనీ. నేను ఇంటికాడ ఉంట. ఇంట్ల ఇన్ని దినాలాయె, ఆ గొంతు నేనెన్నడు ఇనలే. ఇయ్యాల ఇన్న" అన్నది. అని, మూట ముడి విప్పి, మళ్లీ వేసింది.

కావలసింది ఇదే. ఏడాది దొరికింది. ఇందుకోసమే కదా ఆమెను ఇంత దూరం తెచ్చింది, గెలిస్తే దొరుకుతుందనుకున్నది ఓడితే దొరికింది, సంతోషపడాలి. అతనికి సంతోషం కలగలేదు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కుర్చీలో నుంచి లేచిన మనిషి, వచ్చే నెల ఇంటి దగ్గర గొడ్లకు నీళ్లు పెడుతూ, ఈపాటికి మొదలై ఉంటుంది అనుకుంటుంది. వద్దమ్మా, రా, దూరంగా కూర్చోబెడతా, వైపు మారినప్పుడల్లా కుర్చీ మారుస్తా, అని చెప్పబోయాడు. అదంతా ఎంత పిచ్చిగా ఉందో చెప్పబోయేలోపే తనకు వినపడింది.

"రావాలె."

ఎవరన్నారో అతనికి వెంటనే తెలియలేదు. యమున లేచి నిలబడింది. సీటు పైన రాడ్ పట్టుకుని, ఇటు తిరిగి, ముఖం మీద ఎండిన చెమట చారలతో. ఇంజన్ లేని బస్సులో ప్రతి మాటా అంతదాకా పోయిందని అతనికి అప్పుడు తట్టింది. "రావాలె అత్తమ్మా. గోల్ ఎన్కనే కూసోవాలె. నేను ఒర్రుత." అది ఇంట్లో గొంతు కాదు, మైదానం దాటి వచ్చే గొంతు. కండక్టర్ టికెట్ల పెట్టె వదిలి తిరిగి చూశాడు. సార్ చాయ్ తాగిన నోరు తుడుచుకోబోయి ఆగాడు. కృప సీటు వెనక నుంచి తల ఎత్తింది. అర్చన తన సీట్లో వెనక్కి తిరిగి, మోకాళ్ల మీద నిలబడి, తల్లి ఏమంటుందో అని చూస్తోంది. యమున కూడా ఆ మాట అన్నది తానేనా అన్నట్లు అట్లాగే నిలబడిపోయింది, కూర్చోవాలో క్షమించమనాలో తెలియక.

జోగులమ్మ కొంగు భుజం మీదికి సర్దుకుంది. కోడలిని పైనుంచి కిందికి చూసింది, ఇప్పుడే పెళ్లిచూపులకు వచ్చినట్లు చూసింది. "ఇనొస్తుంది తియ్" అన్నది. తర్వాత మోచేత్తో కొడుకును పొడిచి, "నువ్వు లే" అన్నది.

శ్రీనాథ్ లేచాడు. యమున వచ్చి అతను కూర్చున్న చోట, అంచున, ఒదిగి కూర్చుంది. డ్రైవర్ ఇంజన్ వేశాడు. బస్సు బస్టాండు మలుపు తిరిగి బిజినేపల్లి రోడ్డు మీదికి వచ్చింది. ఆ తర్వాత జోగులమ్మ, ఇంజన్ రొదలో వినపడాలని గొంతు పెంచి, "ఆ ఎక్కుండ్రి అంటవు గద, ఎక్కితె ఏమైతది? వాండ్లు ముంగట నిలవడితె మనకేం పోయింది? నాకు ఒక్క ముక్క తెల్వలే" అని అడిగింది. యమున చెప్పడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత రొద మీదుగా, చేతులు తిప్పుతూ, అత్త మోకాలు గోల్ అనీ రొట్టెల మూట తాను అనీ చెబుతూ. చెబుతూ చెబుతూ ఆఫ్‌సైడ్‌లో ఒక ముఖ్యమైన సంగతి తప్పు చెప్పింది. శ్రీనాథ్ రాడ్ పట్టుకుని పైన నిలబడి అది విన్నాడు, సరిదిద్దడానికి నోరు తెరిచాడు, తల్లి అవునా అని తల ఊపడం చూసి మూసుకున్నాడు.